గంగాబాయి నోట రాని పేరు

గంగాబాయికి మొగని పేరు నోటితోని చెప్పే అలవాటు లేదు. ఇందుల వింతేమీ లేదు, బాన్సువాడల ఆమె తరం ఆడోళ్ళల్ల చానామందికి లేదు. రేషన్ కార్డు రాసేటాయన అడిగినా, ఓటరు లిస్టోళ్ళు అడిగినా పక్కకున్నోళ్ళ మొకం చూస్తరు, పక్కకున్నోళ్ళు చెప్తరు, పని నడుస్తది. నవ్వుకొని ఇడిసిపెట్టే ముచ్చట అది. గంగాబాయి కాడికొచ్చేసరికి మాత్రం ఒక మనిషి పానం తీసింది. తీసినోళ్ళు మంచిగనే ఉన్నరు, అన్నం మంచిగనే అరుగుతుంది వాళ్ళకు.

పెద్ద కొడప్‌గల్ దిక్కు పుట్టిన పిల్ల ఆమె. ఇంటర్ పాసైంది, ఆ మీదట చాట ముందట పెట్టుకొని బీడీలు చుట్టుకుంట కూసున్నది. తొంభైల నడుమ బాన్సువాడ భోజన్నకిచ్చి పెండ్లి చేసిండ్రు. భోజన్నకు బస్టాండ్ ఎనుక మోటర్ వైండింగ్ దుకాణం. బాయి కాడ మోటరు కాలితే రైతులు తెచ్చి ఆయన ముందట పడేస్తరు, ఆయన కాలిన తీగంత ఇప్పి కొత్త రాగితీగ చుట్టి ఇస్తడు. మాట తక్కువ, పని ఎక్కువ. పెండ్లైన కొత్తల పెండ్లాం వేళ్ళకు తునికాకు మరకలు చూసి, "ఇంటర్ సదివి గీ ఆకు కత్తిరిస్తవా? పో, కంప్యూటర్ నేర్సుకో" అని తనే తోల్కపోయి ఇనిస్టిట్యూట్‌ల చేర్పిచ్చిండు. తల్లి గులిగింది, కోడలు దొరసాని ఐతదా అని. భోజన్న ఇనలే. గంగాబాయికి ఆ మనిషి మీద ప్రేమ గప్పుడే పుట్టింది. ఆచారానికి పేరు చెప్పకపోవుడు వేరు, ప్రేమ వేరు. ఆమెకు రెండూ ఉండె.

రెండు వేల సంవత్సరం దాటినంక ఊరి బయట హరనాథబాబు ఇంజినీరింగ్ కాలేజీ పెట్టిండు. వాళ్ళ నాయిన ఎనకట కోస్తా దిక్కు నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొన్నడు. కొడుకు రైసుమిల్లు పెట్టిండు, మిల్లు నడిచినంక కాలేజీ పెట్టిండు. మాట వెన్న ఆయనది, "అమ్మా" అనకుంట ఆడపిల్లను పిలువడు. గంగాబాయిని ల్యాబ్‌ల ఆపరేటర్‌గ తీసుకున్నడు, టెంపరరీ అని చెప్పి. టెంపరరీ అంటే ఎన్నేండ్లని ఆమె అడగలే, ఆయన చెప్పలే.

కాలేజీల రెండు ల్యాబ్‌లు, నడుమ గోడకు ఒక కిటికీ. నెట్‌వర్క్ పెట్టనీకి హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరు వచ్చి, గంగాబాయిని సర్వర్ ముందట కూసోబెట్టి కన్సోల్ చూపిచ్చిపోయిండు. కన్సోల్ అంటే ఏమో అనుకునేరు, తెర మీద కనిపిచ్చే బొమ్మల పట్టిక. ఎడమ దిక్కు చెట్టుకు కొమ్మలున్నట్టు ఖానాలు, కుడి దిక్కు పేర్లు, పేర్ల పక్కన నంబర్లు. నెట్‌వర్క్‌ల ప్రతి మిషిన్‌కు ఒక నంబరుండాలె, లేకుంటే దానికి ఎవ్వరి మాటా చేరదు. పొద్దున ఆన్ చెయ్యంగనే మిషిన్ "నాకొక నంబరియ్యుండ్రి" అని అడుగుతది, సర్వర్ ఇల్లు కిరాయికిచ్చినట్టు కొన్నొద్దులకు ఒక నంబరిస్తది. నంబర్లు మనుషులకు యాదికుండయి గనుక ఒక్కొక్క దానికి ఒక పేరు. పేరు కొడితే సర్వర్ నంబరు చెప్తది, ఆ మిషిన్ పలుకుతది. ఏ మిషిన్‌కు ఏ నంబరు, ఏ నంబరుకు ఏ పేరు, అంత ఆ కన్సోల్‌ల మౌసుతోని నొక్కి పెట్టుడే.

గంగాబాయి మిషిన్లకు ఊర్ల పేర్లు పెట్టింది. పిట్లం, డోంగ్లి, బిచ్కుంద, గట్ల. పెద్ద సర్వర్‌కు ఆ దిక్కు పారే ఏరు పేరు, మంజీర అని పెట్టింది. పోరగాళ్ళు "నేను డోంగ్లి మీద కూసుంట, నువ్వు పిట్లం పో" అని కొట్లాడుకునేటోళ్ళు. కొత్త పేరు ఏది ఎక్కిచ్చినా ఆమె కిటికీల నుంచి అవుతలి ల్యాబ్‌కు కేకేస్తది, అవుతల కూసున్నోళ్ళు ఆ పేరు కొట్టి, జవాబొస్తే "పలికిందక్కా!" అని మళ్ళ కేకేస్తరు. ఫోన్ లేదు, పాడు లేదు, గంగక్క గొంతే చాలు. ల్యాబంత గట్లనే అలవాటు పడ్డది.

ల్యాబ్ ఇన్‌చార్జి సాయికిరణ్, హరనాథబాబుకు మేనల్లుడు. పని గంగాబాయిది, కుర్చీ ఆయనది. ఈడనే పుట్టి పెరిగిండు గనుక మన లెక్కనే మాట్లాడుతడు, అందరితోని కలుస్తడు, చాయ్ తాపిస్తడు. చెడ్డోడని ఎవ్వరూ అనరు. ఎదుటోళ్ళను ఏడిపిచ్చి నవ్వుకునే రోగం ఒక్కటే ఉండె. గంగాబాయి మొగని పేరు చెప్పదని ఎట్లనో కనిపెట్టిండు, ఇగ మొదలు. "అక్కా, మా బావ పేరేంది?" "అక్కా, బావకు ఫోనొచ్చింది, ఎవరికి ఇయ్యమంటవ్?" "ఒక్కసారి చెప్పక్కా, నీకు చాక్లెట్ కొనిస్త." మొదట్ల ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. తర్వాత నవ్వుడు మానేసింది. ఆయన అడుగుడు మానలే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని పెద్దలు ఊకె అన్నరా.

కాలేజీ పెట్టిన కొన్నేండ్లకు భోజన్నకు ఆయాసం మొదలైంది. ముందుగల మోటరు ఎత్తితే వచ్చేది, తర్వాత మెట్లెక్కితే వచ్చేది, తర్వాత పండుకున్నా వచ్చేది. గోడకు ఆనుకొని కూసొనే నిద్రపోయేటోడు. నిజామాబాద్ తీస్కపోయి చూపిస్తే, గుండెల కవాటం ముడుసుకపోయింది, ఆపరేషన్ చెయ్యాలె, ఆలస్యమైతే మనిషి దక్కడని డాక్టర్ మొకం మీదనే చెప్పిండు. ఆపరేషన్ హైదరాబాద్‌ల చేస్తరట. గసొంటి దవాఖాన మెట్లెక్కే తాకత్ వీళ్ళకు ఏడికెల్లి వస్తది?

ఆ పొద్దు ఇంటికి రాంగనే అత్త గంగాబాయిని దేవుని ముందట కూసోబెట్టి చేతిల పసుపుకొమ్ము పెట్టింది. "మా చెల్లె ఒకపారి కోపంల మొగని పేరు తీసింది. గదే వారం ఆయనను పాము ముట్టింది. నా కొడుకు ఆయుష్షు ఇగ నీ నోట్ల ఉన్నది. నోటితోని తియ్యకు, చేతితోని రాయకు. ఒట్టెయ్" అన్నది. గంగాబాయి ఒట్టేసింది. నమ్మిందా అంటే సగం నమ్మింది. రోజూ పేర్లు ఎక్కిచ్చి, పేర్లు తీసేసే మనిషి, పేరు తీస్తే పానం పోదని ఆమెకు తెల్వదా? తెలుసు. కాని పక్కన పెనిమిటి దమ్ము దొరకక కొట్లాడుతుంటే ఏ ఆడదానికైనా సగం నమ్మకమే పురా నమ్మకం.

గీ సంగతి తెలిసి హరనాథబాబు ఆమెను పిలిపిచ్చిండు. ఆయన బావమరిదికి హైదరాబాద్‌ల గుండె ఆస్పత్రి ఉన్నది. కాలేజీల పర్మనెంట్ ఐనోళ్ళ ఇంట్లోళ్ళకు అక్కడ ఊరికెనే ఆపరేషన్ చేస్తరు. "కాలేజీ తనిఖీకి కమిటీ వస్తుందమ్మా, సాంబమూర్తిగారని పెద్ద ప్రొఫెసరు. నెట్‌వర్క్ ఎవరు చూస్తున్నారో వాళ్ళనే పిలిచి అడుగుతారట. నువ్వే చూపించు. ఆయన సరేనన్నారా, ఆ సాయంత్రమే నీకు పర్మనెంట్ ఆర్డరు చేతికిస్తాను. మర్నాడే మీ ఆయన్ని తీసుకుని హైదరాబాద్ బస్సెక్కు" అన్నడు. లేచి పోతుంటే ఇంకో మాట కూడ అన్నడు, "ఆయన కాదంటే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదమ్మా."

గంగాబాయి ఇంటికి ఉరుకుతున్నట్టు వచ్చి చెప్పింది. భోజన్న చానా రోజులకు నవ్విండు. "చూపిస్తవు తియ్. గా మిషిన్లన్ని నీ మాట ఇంటయి గద" అన్నడు. బిడ్డ రవళి అప్పటికి ఆరో తరగతి. నాయినను బస్సుల కిటికీ పక్కన కూసోబెట్టాలె, గాలి మంచిగొస్తది అని అప్పుడే సోంచాయిస్తుంది. ఆశ పెట్టినంత ఘోరం ఇంకోటి ఉండది లోకంల.

కమిటీ వచ్చే ముందటి పొద్దు గంగాబాయి రెండు ల్యాబ్‌ల మిషిన్లు ఒక్కొక్కటి లేపి, నంబరొచ్చిందా, పేరు పలికిందా అని చూసుకొని ఇంటికి పోయింది. ఆమె గేటు దాటినంక సాయికిరణ్ కన్సోల్ ముందట కూసున్నడు. మంజీర అన్న పేరు తీసేసిండు. ఆ సర్వర్ నంబరుకు భోజన్న అని పేరెక్కిచ్చిండు. పక్కనున్న లెక్చరర్లకు చూపిచ్చి, "రేపు చూడుండ్రి, అక్కతోని బావ పేరు చెప్పిస్త" అని తొడ కొట్టిండు. భోజన్నకు గుండె జబ్బని ఆయనకు ఎరుకేనా? ఎరుకే. పర్మనెంట్ ముచ్చట? గదీ ఎరుకే. "గంత అవసరముంటే చెప్పకేం చేస్తది" అన్నడట. నోట్ల మన్ను వడ, ఎదుటోళ్ళ అవసరం మీద ఆటలాడే నోట్ల.

పొద్దున సాంబమూర్తి గారు వచ్చిండు. పెద్దమనిషి, నెత్తంత తెలుపు, మాట మర్యాద. "అమ్మాయ్, నువ్వా గదిలో కన్సోల్ దగ్గరుండు. నేనీ గదిలో మామూలు మిషన్ మీద కూర్చుంటాను. నువ్వు పేర్లు చెప్పు, నేను కొడతాను. మీ నెట్‌వర్క్ సంగతి అదే తేలుస్తుంది" అన్నడు. గంగాబాయి పానం కుదుటపడ్డది. రోజూ చేసే పనే గదా. కిటికీ పక్కకు హరనాథబాబు, సాయికిరణ్, లెక్చరర్లు, ఎనుక కొందరు పోరగాళ్ళు నిలబడ్డరు.

"పిట్లం, సార్" అన్నది గంగాబాయి. ఆయన కొట్టిండు, పలికింది. "డోంగ్లి" అన్నది, గదీ పలికింది. కొత్త మిషిన్ వస్తే నంబరు ఏ వరుసల నుంచి ఇస్తవు, ప్రింటరుకు ఎప్పటికీ ఒకటే నంబరుండాలంటే ఏం చేస్తవు అని అడిగిండు. ఒక్కొక్కటి కన్సోల్‌ల నొక్కుకుంట జవాబు చెప్పింది. "బాగుంది" అన్నడాయన. ఆ ఒక్క మాటకు గంగాబాయికి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. హైదరాబాద్ బస్సు కండ్ల ముందట కనిపిచ్చింది.

"ఇక మీ మెయిన్ సర్వర్ పేరు చెప్పు, అయిపోతుంది" అన్నడు సాంబమూర్తి.

"మంజీర, సార్."

ఆయన కొట్టిండు. ఆగిండు. "అలాంటి పేరు లేదంటోందే" అన్నడు. మళ్ళ కొట్టిండు. "లేదమ్మా. సరిగ్గా చూసి చెప్పు."

గంగాబాయి సర్వర్ ఖానా తెరిచి చూసింది. మంజీర లేదు. మంజీర నంబరు పక్కన ఆమె పెనిమిటి పేరున్నది. ఇంగ్లీషు అక్షరాలల్ల, నల్లగ. తల ఎత్తితే కిటికీ అవుతల సాయికిరణ్ పండ్లు కనిపిచ్చినయి. ఎవరు చేసిండ్రో, ఎందుకు చేసిండ్రో ఎవ్వరూ చెప్పే పని లేకపాయె. చేతులు ఆగలే. మౌసు పట్టి మంజీర అన్న పేరు మళ్ళ ఎక్కిచ్చింది, పాత నంబరే ఇచ్చింది, ఒత్తింది. "ఇప్పుడు కొట్టుండ్రి సార్, మంజీర" అన్నది.

"ఇప్పుడూ లేదనే అంటోంది."

ఆయన మిషిన్ చెప్పేది అబద్ధం కాదు. ఒకసారి లేదని ఇన్న మిషిన్ ఆ "లేదు"ను కొంచెంసేపు దాచిపెట్టుకుంటది, మళ్ళ సర్వర్‌ను అడగకుంటనే లేదంటది. గంగాబాయికి గిది ఎరుకే. "జర ఆగుండ్రి సార్, కొంచెంసేపైతే గదే పలుకుతది" అన్నది. గొంతు వణికింది. గొంతు వణికినోళ్ళ మాట సాకు లెక్కనే ఇనొస్తది.

"కమిటీ ఆగదమ్మా" అన్నడు సాంబమూర్తి.

గప్పుడు సాయికిరణ్ మర్యాదగ ముందుకొచ్చి, "సార్, ఆ సర్వర్‌కు ఇంకో పేరు కూడ ఉన్నది. అది కొడితే తప్పకుంట పలుకుతది. అక్క ముందటనే ఉన్నది, చదివి చెప్పాలె, గంతే" అన్నడు. ఎనుక పోరగాళ్ళు కిసుక్కుమన్నరు.

"ఇంకో పేరుందా? మరి చెప్పవేం? చెప్పు."

గంగాబాయి నోరు తెరిచింది. చెప్పితే పెనిమిటి బతుకుతడు, హైదరాబాద్ పోతడు, ఆపరేషన్ ఐతది. చెప్పితే పెనిమిటి పోతడు, పసుపుకొమ్ము పట్టుకొని ఒట్టేసింది తను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటరు గద, ఆ రెంటి నడుమ గట్టు మీద నిలబెట్టి అందరు కలిసి ఆమెను చూస్తుండ్రు. "బిచ్కుంద కొట్టుండ్రి సార్, అది పలుకుతది, లేకుంటే సర్వర్ నంబరు చెప్త" అన్నది. "నాకు సర్వర్ పేరు కావాలి" అన్నడాయన. ఆమె కిటికీ కాడికొచ్చి గొంతు తగ్గిచ్చి, "సాయీ, నీ కాళ్ళు మొక్కుత, నువ్వు చెప్పు. ఒక్క మాట చెప్పు నాయినా" అన్నది.

సాయికిరణ్ అంతే మెల్లగ, "నేను చెప్తే నీ పరీక్ష ఎట్లైతదక్కా? నువ్వే చెప్పాలె. బావ పేరే గద, చెప్పు" అన్నడు.

ఆమె మళ్ళ తెర కాడికి పోయింది. ఇంకో కొత్త పేరెక్కియ్యొచ్చన్న సోయి గప్పుడు ఆమెకు రాలే. పెదవులు కలిపింది, మొదటి అక్షరం గొంతు దాక వచ్చింది. గోడకు ఆనుకొని కండ్లు మూసుకున్న భోజన్న మొకం కండ్ల ముందటికొచ్చింది. పేరు బయట పడంగనే ఆడ ఇంట్ల ఆ దమ్ము ఆగిపోతదేమో అనిపిచ్చింది. అక్షరాన్ని మింగేసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని గట్లనే నిలబడ్డది.

ఏమైందో చూద్దామని హరనాథబాబు లోపటికొచ్చి తెర మీదికి వంగిండు, చదివిండు. మేనల్లుని దిక్కు ఒక చూపు చూసిండు. తిట్టొచ్చు గద ఆయన? గా ఒక్క క్షణం మేనల్లుని చెంప మీద ఒకటిచ్చి సంగతి చెప్తే పాయె. చెప్పలే. కమిటీ ముందట సొంత మనిషి తప్పు బయటపెట్టుకుంటడా? నవ్వుకుంట బయటికి పోయి, "ఏం లేదండీ, అది ఈవిడ భర్త పేరు. భోజన్న. వీళ్ళలో ఆడవాళ్ళు చెప్పరు" అన్నడు.

సాంబమూర్తి గారు కడుపు పట్టుకొని నవ్విండు. నవ్వుకుంటనే ఆ పేరు కొట్టిండు, మిషిన్ గంటగొట్టినట్టు జవాబిచ్చింది. "అబ్బో, భోజన్నగారు బ్రహ్మాండంగా పలుకుతున్నారే! ఈవిడే పలకడం లేదు" అన్నడు. ఇగ అందరు నవ్విండ్రు. లెక్చరర్లు నవ్విండ్రు, పోరగాళ్ళు నవ్విండ్రు, చాయ్ తెచ్చినాయన ఏందో తెల్వకుంటనే నవ్విండు. గంగాబాయి ఆ నవ్వుల నడుమ నిలబడి కొంగు వేలికి చుట్టుకుంట, ఇప్పుకుంట ఉన్నది.

నవ్వినంక ఆయన కండ్లద్దాలు తుడుచుకొని మంచిగనే చెప్పిండు. "పని వచ్చు ఈ అమ్మాయికి, కాదనను. కానీ బాబుగారూ, రేపు పరీక్ష జరుగుతుంటే సర్వర్ ఆగిందనుకోండి. హైదరాబాద్‌కి ఫోన్ చేసి సర్వర్ పేరే చెప్పలేని మనిషిని పెట్టుకుని ఏం చేస్తారు? చదువుకున్న కుర్రాణ్ణి ఎవర్నైనా పెట్టండి. అలాగే రాస్తున్నా." ఆయన మాటల ఏ తప్పూ లేదు. తప్పు లేని మాటతోనే గొంతు కోసి భోజనానికి పోయిండు.

అందరు తిని చేతులు కడుక్కున్నంక గంగాబాయి హరనాథబాబు గది ముందట నిలబడ్డది. "సార్, పేరు నేను పెట్టలే. ఇంకొక్కసారి చూడమనుండ్రి, మంజీర పలుకుతుంది ఇప్పుడు" అన్నది. నిజంగనే పలుకుతుండె అప్పటికి. "నాకు తెలుసమ్మా" అన్నడాయన మెత్తగ, "కానీ ఆయన రాసేశారు. ముందే చెప్పాను గదా, నా చేతుల్లో ఏమీ ఉండదని." పర్మనెంట్ ఆర్డరు సాయికిరణ్ పేరు మీద వచ్చింది. గంగాబాయిని ఆ నెల చూసి మానుకొమ్మన్నరు. బయట సాయికిరణ్ ఎదురొచ్చి, "ఒక్క మాట చెప్తే ఐపోతుండె గదక్కా. నీ మొండితనంతోని నువ్వే చెడగొట్టుకున్నవ్" అన్నడు, నిజంగ బాధపడ్డోని లెక్క.

ఇంట్ల భోజన్న గోడకానుకొని ఎదురు చూస్తుండు. రవళి ఉరికొచ్చి తల్లి మొకం చూసి ఆగిపోయింది. ఆ పేరేందో ఒక్కటి తప్ప గంగాబాయి ఏదీ దాచకుంట మొత్తం చెప్పింది. ఆయన ఇన్నడు. "ఏం పేరు అది, నువ్వు చెప్పనిది?" అన్నడు.

"నీ పేరే."

భోజన్న దమ్ము కూడదీసుకున్నడు. "నా పేరు చెప్తే నేను బతుకుతుంటి. నోరు రాలేదా?" అన్నడు. మళ్ళ దమ్ము తీసుకున్నడు. "నేను బతకాలెనని లేదా నీకు?"

పెండ్లైనకాడ్నుంచి ఒక్క మాట తూలని మనిషి. గంగాబాయి అత్త దిక్కు చూసింది, నువ్వన్న చెప్పవా అన్నట్టు. అత్త చాట మీదికెల్లి తల ఎత్తలే. బీడీకి దారం చుట్టుకుంట, "ఇంట్ల తియ్యకు అన్న గని, నౌకరి కాడ తియ్యొద్దు అన్ననా? సదువుకున్నదానివి, గంత తెల్వి లేదా?" అన్నది. గంగాబాయికి ఏడుపు గూడ రాలే. తను నోరు మూసుకున్నది ఎవరి కోసమో ఆ ఇంట్ల ఒక్కరికీ పట్టలే.

ఆ దినం నుంచి భోజన్న ఆమెతోని అక్కరకు మించి మాట్లాడలే. అన్నం పెడితే తిన్నడు, నీళ్ళిస్తే తాగిండు. తాను ఎందుకు చెప్పలేదో ఆమె ఎన్నోసార్లు చెప్పబోయింది, ఆయన మొకం గోడ దిక్కు తిప్పుకున్నడు. బస్టాండ్ కాడ ఎవడో "ఏమన్నా, నీ పేరు మీద కాలేజీల మిషిన్ నడుస్తుందట గద" అని పరాచికమాడితే, దుకాణం షట్టర్ దించి ఇంటికొచ్చి మంచం పట్టిండు. వానలు జోరుగ పడుతున్న ఒక పగటిపూట, రవళి బడికెళ్ళి వచ్చేసరికి పోయిండు. గంగాబాయి పక్కనే ఉన్నది. ఆఖరికి గూడ ఆమె దిక్కు చూడలే.

చావుకొచ్చినోళ్ళు నోర్లు కట్టుకొని వస్తరా? "పేరు చెప్పకున్నా పోయె గదనే" అన్నది ఒకామె, శవం లేవకముందే. ఇంకొకామె అవునన్నట్టు తలూపింది. గంగాబాయి ఇన్నది. ఏమనాలె? అవును, చెప్పకున్నా పోయిండు.

రవళి బడి మానేసి నానమ్మ పక్కన చాట ముందట కూసున్నది. ఆడ కాలేజీల సాయికిరణ్ కన్సోల్‌ను ముట్టి ముట్టి ఆగం చేసిండు. ఒకే నంబరు రెండు మిషిన్లకు ఇచ్చిండు, సగం మిషిన్లకు నంబరే రాకుంట పాయె, పోరగాళ్ళు ల్యాబ్‌ల పేకాట మొదలువెట్టిండ్రు. అప్పుడు యాదికొచ్చింది హరనాథబాబుకు గంగాబాయి. మనిషిని పంపి పిలిపిచ్చిండు, తనే కుర్చీ జరిపి కూసోమన్నడు, చాయ్ తెప్పిచ్చిండు. "జరిగిందానికి నాకు చాలా బాధగా ఉందమ్మా. మళ్ళీ కమిటీ వస్తుంది, అదే సాంబమూర్తిగారు. నువ్వొచ్చి సరిచెయ్యి, ఆయనకి నువ్వే చూపించు. ఈసారి పర్మనెంట్ తప్పకుండా చేస్తాను" అన్నడు. పర్మనెంట్ ఐతే ఇంట్లోళ్ళకు ఊరికెనే ఆపరేషన్ అన్న ముచ్చట ఇద్దరికీ యాదికున్నది. ఎవ్వరూ తీయలే.

గంగాబాయి చాట ముందట కూసున్న రవళిని తలుచుకొని, "వస్త సార్" అన్నది.

"మంచిదమ్మా. ఇంకోటి. మెయిన్ సర్వర్‌కి ఆ పేరు మేం తియ్యలేదు. మీ ఆయన జ్ఞాపకంగా ఉండనిద్దామనుకున్నా" అన్నడు హరనాథబాబు. ఆయన మొకంల ఎకసెక్కం లేదు, కండ్లు చెమ్మగిల్లి ఉన్నయి. కొంచెం ముందుకు వంగి, పెద్ద దిక్కు అడిగినట్టు అడిగిండు.

"ఇప్పుడైతే ఇబ్బంది లేదు గదమ్మా? చెప్పొచ్చుగా?"

మొదట ఆమెకు సమజ్ కాలే. సమజైనంక, చేతిల చాయ్ గ్లాసు కింద పెట్టింది. నిజమే. ఇప్పుడు తీస్తే ఎవరి ఆయుష్షు తరుగుతది? తరగనీకి ఏమున్నది? ఆయన అడిగిందాంట్ల తప్పు లేదు. ఈ ఊర్ల ఎవ్వరి మాటలా తప్పుండది.

"ఒక్కసారి చెప్పు, చూద్దాం. ఆయన ముందు మళ్ళీ తడబడకూడదు."

"భోజన్న" అన్నది గంగాబాయి.

నోరు కాలుతదనుకున్నది. నాలుక పడిపోతదనుకున్నది. ఏమీ కాలే. పిట్లం అన్నట్టు, డోంగ్లి అన్నట్టు అల్కగ వచ్చింది. గింతేనా? గిది చెప్పలేకనా నేను మనిషిని పోగొట్టుకున్న? నేను బతకాలెనని లేదా నీకు అని అడిగి పోయినోనికి జవాబు గింతేనా?

"శభాష్" అన్నడు హరనాథబాబు.

"భోజన్న" అన్నది ఆమె మళ్ళ, ఎవ్వరూ అడగకున్నా. "భోజన్న. భోజన్న." గొంతు పెరుగుతుంది. ఆ గది కిటికీ అవుతల ల్యాబ్‌ల పోరగాళ్ళు తలలెత్తి చూస్తుండ్రు. హరనాథబాబు అటూ ఇటూ చూసి, "చాలమ్మా, చాలు, సరిపోతుంది" అన్నడు. ఆమె ఆపలే.